గవరయ్యగారి ముప్పై రెండు హక్కులు

గుమ్మడి త్రినాథరావుకి తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం నస్యం కూడా లేదు. ఉన్న వ్యసనమల్లా ఒక్కటే, మంచితనం. అది ఇంట్లో తలుపులేసుకుని గుట్టుగా చేసుకునే మంచితనం కాదు. పదిమంది చూస్తూంటే తప్ప ఊపందుకోని రకం. చింతలమెట్ట సబ్ జైలుకి సూపరింటెండెంటుగా వచ్చిన ఈ నాలుగేళ్ళలో ఆయన ఖైదీల బాగోగులు చూస్తూ వచ్చాడు. ఖైదీలు ఆయన్ని ఓర్చుకుంటూ వచ్చారు.

ఏడాది కిందట జిల్లా కేంద్రంలో ఖైదీల హక్కుల మీద సదస్సు జరిగింది. సరిగ్గా భోజనాల ముందు మాట్లాడే వంతు త్రినాథరావుకి పడింది. ఆ వేళలో మైకు పట్టినవాడు రెండు ముక్కల్లో ముగించాలి, లేదా జనం చేత కంటనీరు పెట్టించాలి. ఆయన రెండోది ఎంచుకున్నాడు. తన జైల్లో ఓ ముసలి ఖైదీ చలికాలమంతా వణికి, విడుదలైన రోజున గేటు పక్క గోడ మీద హక్కుల పట్టిక చదివించుకుని, "రెండో దుప్పటి అడగొచ్చని నాకు తెలీదు బాబూ" అన్నాడని చెప్పాడు. చెబుతూంటే ఆయన గొంతే పూడుకుపోయింది. ఆ పూడుకుపోయిన గొంతుతోనే, "హక్కులన్నీ అనుభవించనిదే ఏ ఖైదీ జైలు గడప దాటకూడదు!" అన్నాడు.

హాలు దద్దరిల్లింది. శాలువా కప్పారు. ఆ వాక్యానికి అర్థమేమిటని త్రినాథరావు ఆలోచించలేదు. చప్పట్లు పడిన వాక్యాన్ని మళ్ళీ తిరగేసి చూసుకునే అలవాటు ఆయనకి మొదట్నించీ లేదు. కానీ ముందు వరసలో కూర్చున్న డాక్టర్ మల్లిడి జోగేశ్వరరావు ఆ వాక్యాన్ని డైరీలో రాసుకున్నాడు. ఆయన కొత్తగా పెట్టిన హక్కుల సాకార విభాగానికి ప్రాంతీయ సంచాలకుడు. విభాగమైతే పెట్టారు గానీ, ఏం సాకారం చెయ్యాలో అప్పటిదాకా ఎవరికీ తోచలేదు.

రెండు నెలలు తిరక్కుండానే నిబంధనలు వచ్చేశాయి. ప్రయోగాత్మకంగా అమలు చెయ్యడానికి చింతలమెట్ట సబ్ జైలుని ఎంపిక చేశారు. ఇకనుంచి ఖైదీని ఖైదీ అనకూడదు, హక్కుదారు అనాలి. ప్రతి హక్కుదారుకీ ఆకుపచ్చ అట్ట వేసిన పాసుపుస్తకం ఒకటి. అందులో ముప్పై రెండు పేజీలు, పేజీకో హక్కు. హక్కు అనుభవించగానే ఆ పేజీలో వేలిముద్ర, దాని మీద సూపరింటెండెంటు సంతకం, ఆపైన గుండ్రటి ముద్ర. ఏడో నిబంధనలో త్రినాథరావు వాక్యం అక్షరం పొల్లు పోకుండా ఉంది, ఆశ్చర్యార్థకంతో సహా. దాన్ని ఆయన ఫ్రేము కట్టించి తన కుర్చీ వెనకాల తగిలించుకున్నాడు.

పది నెలలు గడిచాయి. బుధవారం మధ్యాహ్నం గవరయ్యకి కోర్టు నుంచి బెయిలు ఉత్తర్వు వచ్చింది.

గవరయ్యది మెయిన్ రోడ్డు మీద మంగలి షాపు. పక్కనున్న టీ బడ్డీ వాడు ఎంగిలి గ్లాసులు కడిగిన నీళ్ళు వీడి గుమ్మంలో పారబోశాడు. గవరయ్య బయటికొచ్చి నాలుగు మాటలన్నాడు. లోపల ఒకాయనకి ఒక చెంప గీసి రెండో చెంప మొదలెట్టబోతూండగా లేచి వచ్చాడు కాబట్టి చేతిలో కత్తి ఉంది. మారణాయుధం ధరించి ప్రాణభయం కలిగించాడని కేసు రాశారు. రెండో చెంప నురగతోనే ఆ పెద్దమనిషి స్టేషనుకొచ్చి సాక్ష్యం చెప్పినా లాభం లేకపోయింది. జైల్లోకొచ్చిన వారానికే గవరయ్య అందరికీ మంగలైపోయాడు, వార్డర్లకీ, త్రినాథరావుకీ కూడా.

"రండి గవరయ్య గారూ, కూర్చోండి" అన్నాడు త్రినాథరావు.

గవరయ్య గుండె గుభేలుమంది. నాలుగో హక్కు ప్రకారం హక్కుదారుని గౌరవంగా సంబోధించాలి. గారు అని పిలిచాక ఎవరైనా ఆ గదిలో మంచి కబురు చెప్పగా వాడు వినలేదు.

"మీకు బెయిలొచ్చింది."

"సల్లటి మాట సెప్పారు బాబూ! ఈయేల్టికి ఎల్పోవొచ్చా?"

"ఎందుకంత తొందర?"

గవరయ్య చెప్పాడు. భార్య పోయి మూడేళ్ళయింది. పదకొండేళ్ళ కూతురు తులసి ఇంట్లో మేనత్త దగ్గర ఉంటోంది. ఆ పిల్లకి పన్నెండు మైళ్ళ అవతల గురుకులంలో ఆరో తరగతి సీటొచ్చింది. శనివారం సాయంత్రం ఐదింటిలోగా తండ్రి స్వయంగా వచ్చి ప్రిన్సిపాల్ ఎదుట సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ సీటు జాబితాలో తర్వాతి పిల్లకిచ్చేస్తారు.

"మా గుంటది మండలం మొత్తానికి రెండో నంబరు బాబూ. మా వొంశంలో ఇస్కూలు సీటు కోసం పరీచ్చ రాసినోల్లే నేరు. శనోరం దాటితే మళ్ళా రాదట."

త్రినాథరావు కళ్ళు చెమ్మగిల్లాయి. అవి ఎప్పుడూ అంత తేలిగ్గానే చెమ్మగిల్లేవి. "ఇవాళ బుధవారమే కదా, బోలెడు టైముంది" అంటూ పాసుపుస్తకం తెరిచాడు. ఇరవై తొమ్మిది ముద్రలు పడి ఉన్నాయి. మూడు పేజీలు ఖాళీ. "మూడే మూడు హక్కులు మిగిలాయి గవరయ్య గారూ. ఉచిత న్యాయసహాయం, ఫిర్యాదు, క్షవరం. అనుభవించేసి వెళ్ళిపోండి."

"నాకవి అక్కర్నేదు బాబూ. ఒగ్గీండి."

"అలా అనకూడదు. హక్కులవి" అన్నాడు త్రినాథరావు. ఆ మాట అంటున్నప్పుడు తన గొంతులో పలికిన ఆప్యాయతకి తనే ముచ్చటపడ్డాడు.

గురువారం ఉదయం ఉచిత న్యాయసహాయం అందించే ప్లీడరు వచ్చాడు. బెయిలు అప్పటికే వచ్చేసిందని విని డీలా పడిపోయాడు. "మరి నేను సహాయం ఏం చెయ్యను?" అన్నాడు. ఏమీ చెయ్యకపోతే ముద్ర పడదు. కాసేపు ఆలోచించి, బెయిలుకి దరఖాస్తు పెట్టుకోమని గవరయ్యకి సలహా ఇచ్చాడు. గవరయ్య దణ్ణం పెట్టాడు. ముప్పయ్యో ముద్ర పడింది.

ఫిర్యాదు అంత సులువుగా తెమల్లేదు. గవరయ్యకి ఫిర్యాదేమీ లేదు. లేదంటే కుదరదు. ఫిర్యాదు లేని హక్కుదారుని సిబ్బంది బెదిరించినట్టు లెక్క, దాని మీద వేరే విచారణ జరగాలి. హెడ్ వార్డరు సన్యాసినాయుడు గవరయ్యని పక్కకి తీసుకెళ్ళి బతిమాలాడు.

"ఏదోటి సెప్పీరా నాయినా. నా మీదైనా సెప్పు, నానేటీ అనుకోను."

"నీ మీద నానేటి సెప్తాన్రా మావా? ఏ పాపమూ ఎరగనోడివి."

చివరికి గవరయ్య ఎంతో మొహమాటపడి, పప్పుచారులో పులుపు తక్కువైందని చెప్పాడు. వెంటనే త్రిసభ్య సంఘం ఏర్పాటైంది. సంఘం శనివారం ఉదయం పది గంటలకి వస్తుందనీ, అంతవరకూ ఫిర్యాదీ భద్రత దృష్ట్యా అతన్ని జైలు దాటనివ్వరాదనీ తాఖీదు వచ్చింది. వంటవాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఇక క్షవరం. శుక్రవారం పొద్దున్నే పాసుపుస్తకం ముందేసుకున్న త్రినాథరావుకి అప్పుడు తట్టింది. జైల్లో అందరి జుట్టూ కత్తిరించింది గవరయ్యే. గవరయ్య జుట్టు మాత్రం ఎవరూ కత్తిరించలేదు. జోగేశ్వరరావుకి ఫోన్ చేశాడు.

"ఆయన తన జుట్టు తనే కత్తిరించుకుంటే ముద్ర వెయ్యొచ్చాండీ?"

"ఎంతమాట! సేవ అందించేవారూ పొందేవారూ ఒకరే అయితే దాన్ని స్వయంకృషి అంటారు త్రినాథరావు గారూ, హక్కు అనరు. మన లక్ష్యం ఏమిటి? హక్కుల సమగ్ర సాకారం, అదీ సంతృప్త స్థాయిలో. హక్కు పుస్తకంలో ఉంటే చాలదు, ఒంటబట్టాలి."

"పోనీ, బయటి మంగలిని పిలవమంటారా?"

"పిలవండి. అయితే పదునైన పరికరాలతో లోపలికి వస్తున్నాడు కనుక అతని పూర్వాపరాలు విచారించాలి. మూడు వారాలు పట్టవచ్చు. ఈలోగా సిబ్బందిలో ఎవరైనా స్వచ్ఛందంగా ముందుకొస్తే విభాగం హర్షిస్తుంది."

సిబ్బందిలో ఎవరూ ముందుకి రాలేదు, ఒకరిద్దరు వెనక్కి కూడా వెళ్ళారు. చివరికి త్రినాథరావే చొక్కా చేతులు మడిచి కత్తెర పట్టుకున్నాడు. జైలు ఆవరణలో కుర్చీ వేశారు. గవరయ్య మెడచుట్టూ తువ్వాలు కట్టుకుని, చేతిలో అద్దం పట్టుకుని, కొత్త కుర్రాడికి పని నేర్పుతున్నట్టు ఓపిగ్గా చెప్పాడు.

"దువ్వెన అడ్డెట్టండి బాబూ. అడ్డెట్టి కత్తెరెయ్యండి. అడ్డెట్టండి. అడ్డు... సర్లెండి, పోన్లెండి, అదే మొలుత్తాది."

అరగంట తర్వాత ఎడమ చెవి పైన తాంబూలం పళ్ళెమంత మేర నున్నగా తేలింది. కుడివైపు అసలు ఎవరూ ముట్టుకున్నట్టే లేదు. పదకొండో హక్కు ప్రకారం హక్కుదారుని చూసి ఎవరూ నవ్వకూడదు. అందుకని ఆవరణలో ఉన్నవాళ్ళంతా త్రినాథరావుని చూసి నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. అంత కలుపుగోలుగా తను ఉండగలుగుతున్నందుకు లోలోపల పొంగిపోతూ ముప్పై ఒకటో ముద్ర వేశాడు.

"రేపు పొద్దున్న సంఘం రాగానే ముప్పై రెండూ పూర్తవుతాయి గవరయ్య గారూ."

గవరయ్య పాసుపుస్తకం చేతిలోకి తీసుకుని ఒక్కో పేజీ తిప్పాడు. చదవడం సరిగ్గా రాదు గానీ బొమ్మలున్నాయి. దుప్పటి, పళ్ళెం, కత్తెర, తక్కెడ.

"ఇన్ని అక్కులిచ్చారు గదా బాబూ. ఇంటికెల్లే అక్కు ఏ పేజీలున్నాది?"

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. త్రినాథరావు పుస్తకం తీసుకుని వెతికాడు. మొదటి పేజీ నుంచి చివరిదాకా, చివరి నుంచి మొదటిదాకా చూశాడు. ఆ హక్కు లేదు. ముప్పై రెండు హక్కులనూ కూర్చిన ఉపసంఘంలో ఆయనా సభ్యుడే. మూడు రోజులు టిఫిన్లతో సహా కూర్చున్నారు. ఆ మాట ఒక్కరికీ గుర్తు రాలేదు.

శనివారం పదింటికి త్రిసభ్య సంఘం వచ్చింది. భయంతో వంటవాడు ఆ పూట పప్పుచారులో గుప్పెళ్ళకొద్దీ చింతపండు పిసికాడు. సభ్యులు తలో గుటకా వేసి, ముఖాలు చిట్లించుకుని, ఫిర్యాదులో వాస్తవం ఉందనీ అయితే అది తిరగబడి ఉందనీ నివేదిక రాశారు. ముప్పై రెండో ముద్ర పడింది. టైము పదకొండున్నర. నిండిన పుస్తకానికి జోగేశ్వరరావు ఫోన్లో ఆమోదం చెబితే చాలు, గేటు తియ్యొచ్చు.

"భేష్! ఆమోదించాను" అన్నాడు జోగేశ్వరరావు.

అక్కడ ఫోన్ పెట్టేసి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. కానీ త్రినాథరావు నోట్లో ఒక మంచి మాట నిన్నటి నుంచీ ఊరుతోంది. దాన్ని మింగడం ఆయన వల్ల కాలేదు.

"ఒక్క మాటండీ. నిన్న ఈ గవరయ్య నన్నో ప్రశ్న అడిగాడు. ఇంటికెళ్ళే హక్కు ఏ పేజీలో ఉందని! నా కళ్ళు తెరిపించాడండీ" అన్నాడు గొంతు పూడ్చుకుంటూ.

అవతల జోగేశ్వరరావు గొంతు కూడా పూడుకుపోయినట్టు వినిపించింది. "ఎంత దార్శనికత! ముప్పై మూడో హక్కు! ఇంటికెళ్ళే హక్కు! ఇది చరిత్ర త్రినాథరావు గారూ. ఇప్పుడే ఉత్తర్వు పంపుతున్నాను. మొదటి లబ్ధిదారు గవరయ్యగారే కావాలి. ఆమోదం ఉపసంహరిస్తున్నాను."

అరగంటలో ఉత్తర్వు వచ్చింది. హక్కుదారుని ఇద్దరు కానిస్టేబుళ్ళ రక్షణలో స్వగృహానికి తీసుకువెళ్ళి, ముప్పై నిమిషాలు ఇంట్లో ఉంచి, ఫోటో తీయించి, తిరిగి జైలుకి తీసుకువచ్చి ముద్ర వేయవలెను. ఆ తర్వాతనే విడుదల విషయం పరిశీలించవలెను.

ఒంటి గంటకి వ్యాను బయల్దేరింది. మూడూ ఇరవైకి తిరిగొచ్చింది. గవరయ్య దిగి నేరుగా సూపరింటెండెంటు గదిలోకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"గుంటది పెట్టె సర్దుకుని గుమ్మంలో కూకున్నాది బాబూ. నన్ను సూసి గెంతీసినాది, ఎల్దాం అనీసి. ఆ ఇస్కూలు దాకా ఒక్కసారి తిప్పండి బాబూ అని పోలీసోల్ల కాళ్ళట్టుకున్నాను. ఇంటికే రాసున్నాది, ఇస్కూలుకి నేదన్నారు. ఫోటో తీసీరు. మళ్ళా బండెక్కించీరు. నా పిల్ల వీదంతా పరిగెట్టినాది బండెనకాల."

నున్నగా గీసుకుపోయిన వాడి చెవి పైభాగం ఎండకి కమిలి ఎర్రగా ఉంది. త్రినాథరావుకి ఈసారి కళ్ళు చెమ్మగిల్లలేదు. తనకి సిగ్గేస్తోందని కాసేపటికి గానీ ఆయనకి తెలియలేదు. సిగ్గుతో ఆయనకి పరిచయం తక్కువ.

పేజీలు అయిపోవడంతో గబగబా వెనకట్ట మీద ముప్పై మూడో ముద్ర వేసి ఫోన్ తీశాడు. "అయిందండీ. ఇంటికెళ్ళి వచ్చాడు. ఇక పంపించేస్తున్నాను."

"ఎక్కడికి?" అన్నాడు జోగేశ్వరరావు.

"ఇంటికండీ."

"ఇంటికెళ్ళే హక్కు ఆయన ఇప్పుడే వినియోగించుకున్నారు కదండీ. ముద్ర కూడా వేశానంటున్నారు. ఒకే హక్కుని రెండుసార్లు ఎలా అనుభవిస్తారు? మిగతా హక్కుదారులకి అన్యాయం కాదూ?"

"మరి ఈయన సంగతి?"

"సున్నితమైన అంశం. స్పష్టత కోరుతూ పైకి రాస్తాను. ఆరు వారాలు ఓపిక పట్టండి. అన్నట్టు, ఆ ఫోటోలో గవరయ్యగారు కాస్త నవ్వుతూ ఉంటే బావుండేది."

త్రినాథరావు ఫోన్ పెట్టేశాడు. బల్ల మీద కాగితాల అడుగున బుధవారంనాటి కోర్టు ఉత్తర్వు ఉంది. దాన్ని బయటికి లాగి చదివాడు. వచ్చినరోజు చదవలేదు, అందిందని సంతకం మాత్రం పెట్టాడు. అందులో ఉన్నవి రెండే వాక్యాలు. ఫలానా గవరయ్యకి బెయిలు మంజూరైంది. వెంటనే విడుదల చేయండి. దుప్పటి ఊసు లేదు, పప్పుచారు ఊసు లేదు. ఆశ్చర్యార్థకం కూడా లేదు.

తాళాలు తీసుకుని లేచాడు. గేటు దాకా గవరయ్య వెంట తనే నడిచాడు. సన్యాసినాయుడు రిజిస్టరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏ నిబందన కింద ఒగ్గుతున్నామని రాయమన్నారు బాబూ?"

"కోర్టు వదిలెయ్యమంది, వదిలేశామని రాయి."

సన్యాసినాయుడు కలం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అంత పొట్టి వాక్యం ఆ రిజిస్టరులో పది నెలలుగా రాయలేదు. త్రినాథరావు తాళం తిప్పి గేటు లాగాడు. అర నిమిషం పట్టింది. నాలుక చివర ఒక మంచి మాట కదిలింది గానీ ఈసారి మింగేశాడు. గవరయ్య ఒక నమస్కారం పెట్టి, రోడ్డు మీద పోతున్న ఆటోకి అడ్డం పడ్డాడు. నాలుగూ యాభై ఐదుకి గురుకులం నుంచి సన్యాసినాయుడి ఫోనుకి కబురొచ్చింది. సంతకం పెట్టాడట. తలేమిటలా ఉందని ప్రిన్సిపాలమ్మ అడిగిందట. ఓ పెద్దాఫీసరు చేతి పని అని చెప్పాడట.

త్రినాథరావుకి ఒళ్ళు తేలికైంది. చేతులు వెనక్కి కట్టుకుని ఆవరణలో రెండు చుట్లు తిరిగాడు. తను చేసిన సాహసం ఏ సదస్సులో ఎలా మొదలుపెట్టి చెప్పాలో అప్పుడే ఆలోచన మొదలైంది. సన్యాసినాయుడు ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"గేటు ఎయ్యమన్నారా బాబూ, ఉంచమన్నారా?"

"ఎందుకు ఉంచడం?"

"మిగతావోల్ల సంగతి కూడా తేల్చీత్తారేమో అనీసి."

"ఎవరు మిగతావాళ్ళు?"

"బెయిలొచ్చినోల్లు బాబూ. పదకొండు మంది. పుస్తకాలు నిండక ఉండిపోనారు. పన్ను డాక్టరు రాక ముగ్గురు, యోగా సారు రాక ఏడుగురు. ఆ బుగతలవలస ముసలాయనకి పాపం ములాకత్తుకి సుట్టాలెవ్వరూ నేరు. నాలుగు నెల్లయింది."

"నాకెవరూ చెప్పలేదేం?" అన్నాడు త్రినాథరావు.

"అన్ని కాయితాల మీదా తవరే గదా బాబూ సంతకాలెట్టారు" అన్నాడు సన్యాసినాయుడు. అతని గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

లాకప్ వేళకి ఇంకా అరగంట ఉంది. పదకొండు మందినీ పిలిపించాడు. వాళ్ళు మూటలతో వరసగా వచ్చి, నమ్మకం లేనట్టు గేటు వైపు చూసి, ఒక్కొక్కరే బయటికి నడిచారు. ముసలాయన్ని సన్యాసినాయుడు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు. వాళ్ళలో ఒక్కరూ త్రినాథరావుకి దణ్ణం పెట్టలేదు. ఆయన నమస్కారం కోసం చేతులు సగం లేపి, ఏం చెయ్యాలో తెలీక జేబుల్లో పెట్టుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నానికి సస్పెన్షన్ ఉత్తర్వూ, దానికి జతగా మెమో వచ్చాయి. పాసుపుస్తకాలు అసంపూర్ణంగా ఉండగానూ, ఆమోదం లేకుండానూ గేటు తెరిచి, పన్నెండు మంది హక్కుదారుల హక్కులను కాలరాసినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో పదిహేను రోజుల్లోగా తెలుపవలసినది.

త్రినాథరావు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. నాలుగు పేజీల జవాబు రాయాలని కూర్చున్నాడు. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, చివరికి నాలుగు ముక్కలు మిగిల్చి సంతకం పెట్టాడు.

"అయ్యా, పన్నెండు మంది హక్కులు కాలరాసిన మాట నిజమే. అయితే తేదీ తప్పుగా పడింది. అది జరిగింది శనివారం సాయంత్రం కాదు, అంతకు ముందు పది నెలలు. దయచేసి సరిదిద్దగలరు."